సర్కారు రచ్చబండ మీద బాలమల్లు

అల్మాస్‌గూడ బాలమల్లు ఒకప్పుడు ఆషామాషీ మనిషి కాడు. ఊరి బడిలో అయిదో తరగతి వరకే చదివాడు. కానీ అది పంతులు చింతబరికెతో ఒంట్లోకి ఎక్కించిన చదువు, ముసలితనం వచ్చినా దిగిపోలేదు. పంచాయతీలో రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాడు. ఊరికి మొట్టమొదటి బోరింగు వేయించింది అతనే. సిటీ బస్సు ఊళ్ళోకి రావాలని డిపో గేటుకు అడ్డంగా పడుకున్నదీ అతనే. కలెక్టరు వచ్చిన రోజున అందరికంటే ముందు నిలబడి దండ వేస్తే, ఆ కలెక్టరు అదే దండను తీసి తిరిగి బాలమల్లు మెడలో వేశాడు. ఇలాంటి గౌరవం చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకెవడికీ దక్కలేదు.

వీటన్నిటినీ మించిన ఘనత అతని తీర్పులు. గట్టు తగాదా అయినా, గొర్రెల తగాదా అయినా, మొగుడూపెళ్ళాల తగాదా అయినా రచ్చబండ దగ్గరికి రావాల్సిందే. బాలమల్లు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడంటే తీర్పు అయిపోయినట్టే. దాని మీద ఇంకో మాట ఉండేది కాదు. మోటారు వైరు కోసుకుపోయిన ఒకడి నెత్తిన పిండి విసిరే ఇసుర్రాయి పెట్టించి, చెప్పులు విడిపించి, మండుటెండలో ఊరంతా తిప్పించాడు. తీర్పుకు ఎదురు చెప్పిన ఒక ఇంటికి నిప్పూ నీళ్ళూ బంద్ చేయించాడు. ఆ ఇంట్లో పసిబిడ్డకు జ్వరమొస్తే దవాఖానకు బండి కట్టడానికి ఒక్కడూ ముందుకు రాలేదు. ఆ సంసారం మూటాముల్లె సర్దుకుని ఎటో పోయింది. బాలమల్లు వీటిని దాచుకోలేదు, ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. చివరన "మల్ల ఊర్ల ఒక్క దొంగతనమన్న అయిందా?" అని కలిపేవాడు.

తర్వాత ఊరే లేకుండా పోయింది. పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు కాలనీలయ్యాయి. రచ్చబండ ఉన్నచోట మూడంతస్తుల మేడ లేచింది. తగాదా వస్తే జనం పోలీస్ స్టేషనుకు పోతున్నారు, లేదా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటున్నారు. బాలమల్లు వీధి మలుపులో నిలబడితే, దారి తెలియక నిలబడ్డాడనుకుని ఆటోవాళ్ళు "ఎల్బీ నగరా తాతా?" అని అడిగి పోయేవారు.

అలాంటి రోజుల్లో సర్కారు ఆ కాలనీల పక్కనే చుట్టూ గోడ పెట్టి పల్లె వనం అనే పార్కు కట్టింది. గోడకు అవతల అసలు ఊరు కనుమరుగైతే, గోడకు ఇవతల పర్యాటక శాఖ కొత్తగా ఇంకో ఊరిని నిలబెట్టింది. సిమెంటు వేపచెట్టు, దాని కింద సిమెంటు రచ్చబండ, తాటాకు గుడిసెలు, ఫైబరు ఎద్దులు. కుమ్మరి గుడిసెలో ఒకడు, మగ్గం మీద ఒకడు, వంటగుడిసెలో జొన్నరొట్టెలు చేసే మనిషి ఒకతె. జనం మెట్రోలో వచ్చి ఎల్బీ నగర్‌లో దిగి, షేర్ ఆటో పట్టుకుని, గేటు దగ్గర టికెట్ తీసుకుని లోపలికి వచ్చి ఊరు చూసి పోతారు. చుట్టుపక్కలవాళ్ళు దానికి బొమ్మలూరు అని పేరు పెట్టారు. ఆ బొమ్మలూరికి ఊరిపెద్ద కావాలన్నప్పుడు, అధికారులకు ఎవరో బాలమల్లు పేరు చెప్పారు.

మొదటిరోజే మేనేజరు ప్రసన్నకుమార్ అడ్డం తగిలాడు. అతను దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు, తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు.

"తాతగారూ, కళ్ళజోడు తీసెయ్యాలండీ. వాచీ కూడా. పల్లెటూరి పెద్దకి కళ్ళజోడేంటి?"

"నేను కండ్లద్దాలు వెట్టుకునే తీర్పులు జెప్పిన సారూ. తీసేస్తే ఎవడు దొంగో ఎట్ల కనవడతది?"

"ఇక్కడికి దొంగలు రారండీ. అందరూ టికెట్ కొనుక్కునే వస్తారు."

బాలమల్లు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. తలకు శాఖవాళ్ళ రుమాలు చుట్టుకున్నాడు, శాఖవాళ్ళ గొంగడి కప్పుకున్నాడు, శాఖవాళ్ళ కర్ర పట్టుకున్నాడు. బండెక్కి కూర్చున్నాడు.

అక్కడ రోజూ జరిగేది పంచాయితీ ఆట. చూడటానికి వచ్చినవాళ్ళే ఏదో తగాదా చెబుతారు, పెద్ద తీర్పు చెప్పాలి. ఎవరినీ తాకకూడదు, కులం ఎత్తకూడదు, నిజమైన గొడవలు తేకూడదు, అందరూ నవ్వేలా ముగించాలి. ఇవి సర్కారు షరతులు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్ళ పిల్లలు వచ్చి "తాతా, నా బిర్యానీల లెగ్ పీసు వీడు తిన్నడు" అని చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. బాలమల్లు పళ్ళు కొరుక్కుంటూ "సోడా తాపియ్యి" అని తీర్పు చెప్పేవాడు. వాళ్ళు దండం పెట్టేవాళ్ళు. ఆ దండంలో ముప్పాతిక ఎగతాళే. మిగిలిన పాతిక కోసం అతను మర్నాడు ఉదయం అందరికంటే ముందే గేటు దగ్గర ఉండేవాడు.

ఆ పాతికకూ పోటీ వచ్చింది. సైదాబాద్‌లో ఉండే సాంబమూర్తి ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సొంత ఊరు తెనాలి దగ్గర. కుర్రతనం నుంచీ నాటకాల పిచ్చి. పొద్దున బాలమల్లు, మధ్యాహ్నం సాంబమూర్తి అని శాఖవాళ్ళు పంచారు. సాంబమూర్తి మీసం అంటించుకుని బండెక్కి "ఏం బిడ్డా, ఏమైంది జెప్పు" అన్నాడంటే చంకలో పిల్ల కూడా ఏడుపు ఆపి చూసేది. గేటు దగ్గర జనం "మీసాల తాత ఎన్ని గంటలకు?" అని అడగడం మొదలుపెట్టారు.

ఒకరోజు బాలమల్లు ఉండబట్టలేక అన్నాడు. "మీసం అంటువెట్టిందాయె. మాట గూడ అంటువెట్టిందేనాయె. ఒక్కనాడన్న పంచాయితీ జేసిన మొకమేనా అది?"

సాంబమూర్తికి కోపం రాలేదు. అద్దంలో చూసుకుంటూ మీసం ఊడదీశాడు. "నిజమేనండీ మల్లుగారూ. మీసం అంటించిందే. కానీ ఆ చప్పట్లు అంటించినవి కాదుగా!"

మగ్గం గుడిసెలోంచి నవ్వులు వినిపించాయి. బాలమల్లు ఆ పూట అన్నం తినలేదు.

ఆ వారంలోనే శాఖ నుంచి కబురొచ్చింది. ఇకపై ఇద్దరు పెద్దలు అక్కర్లేదు, ఒకరినే ఉంచుకుని కళాకారుడిగా గుర్తింపు కార్డు ఇస్తారు. ఆదివారం అమల అనే ఆఫీసరు, ఇంకో ఇద్దరు వచ్చి ఇద్దరి ఆటా చూసి తేలుస్తారు. బాలమల్లుకు ఒళ్ళు భగ్గుమంది. నలభై ఏళ్ళు ఊరిని గుప్పిట్లో పెట్టుకున్నవాడు, ఊరిపెద్ద వేషానికి పనికొస్తాడా లేదా అని పరీక్షకు నిలబడాలా? అయినా నిలబడక తప్పదు. ఆ బండ పోతే అతనికి ఇక కూర్చోవడానికి వీధి మలుపే మిగులుతుంది.

బాగా ఆలోచించి అతను ఒక నిర్ణయానికి వచ్చాడు. సర్కారు ఇంత ఖర్చు పెట్టి ఊరు కట్టిందంటే అసలు ఊరు ఎట్లుంటదో చూపించడానికే కదా. సాంబమూర్తి చూపించేది నాటకం. తను అసలు పంచాయితీ చూపిస్తే పోటీ అక్కడికక్కడే ముగిసిపోతుంది. అసలు పంచాయితీకి అసలు తప్పు కావాలి. అది కూడా వెతక్కుండానే దొరికింది. వంటగుడిసెలో అందరూ చూడటానికి పెట్టిన ఇత్తడి చెంబు శుక్రవారం నుంచి కనిపించడం లేదు.

వంటగుడిసె సుజనది. ఇబ్రహీంపట్నం అవతలి నుంచి వచ్చిన పిల్ల. మొగుడు వదిలేసి పోయాడు, చంటిపిల్లను తల్లి దగ్గర ఉంచి పనికి వస్తుంది. జనం ముందు జొన్నలు విసిరి రొట్టెలు కాల్చడం ఆమె పని. మొదటి రొట్టె రోజూ బాలమల్లుకే, పైన ఎర్రకారం వేసి, "పండ్లకు మెత్తగ జేసిన తాతా" అంటూ తెచ్చి పెట్టేది. ఆ ఆదివారం పొద్దున కూడా తెచ్చింది. బాలమల్లు తిన్నాడు. చెంబు సంగతి అడగలేదు. పంచాయితీలో అడగాల్సింది ముందే అడిగితే పంచాయితీ చప్పబడిపోతుందని అతనికి బాగా తెలుసు.

ఆదివారం జనం కిక్కిరిశారు. అమల మేడమ్, తోడు వచ్చిన ఇద్దరూ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మొదట సాంబమూర్తి అన్నదమ్ముల ఎడ్ల తగాదా తీర్చాడు. జనం నవ్వారు, ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత బాలమల్లు బండెక్కాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ప్రసన్నకుమార్ సైగ చేసినా పట్టించుకోలేదు.

"ఇయ్యాల ఆట లేదు" అన్నాడు. "ఇయ్యాల అసలు పంచాయితీ. ఏయ్ సుజనా, రా గిటు."

సుజన పిండి చేతులతోనే నవ్వుతూ వచ్చింది. తనకూ ఏదో వేషం ఇచ్చారనుకుంది.

"చెప్పులు ఇడువు."

విడిచింది.

"ఇత్తడి చెంబు ఏడవెట్టినవ్?"

"ఏ చెంబు తాతా?"

"ఊరి సొమ్ము. సర్కారు సొమ్ము. నీ గుడిసెలది. ఎవ్వలకిచ్చినవ్?"

సుజన ముఖంలో నవ్వు ఆరిపోయింది. జనం వైపు చూసింది, ప్రసన్నకుమార్ వైపు చూసింది. "నేను దియ్యలే తాతా. నా బిడ్డ మీద ఒట్టు. నేనే సారుకు జెప్పిన కనవడ్తలేదని."

ప్రసన్నకుమార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెంబు ఎక్కడుందో అతనికి తెలుసు. సామాన్లకు శాఖవాళ్ళ నంబరు వేయించాలని శుక్రవారం అతనే తెప్పించి ఆఫీసు బీరువాలో పెట్టాడు. కానీ అమల మేడమ్ కుర్చీలో ముందుకు వంగి చూస్తోంది. జనమంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. మధ్యలో ఆపితే బాగుండదని ఊరుకున్నాడు.

"మొగడు ఇడిసిన ఆడది సర్కారు సొమ్ము ముట్టకుంట ఉంటదా?" అన్నాడు బాలమల్లు. గొంతు ఖంగుమంది. ఎన్నో ఏళ్ళ తర్వాత అతని గొంతు అతనికే వినిపించింది. "ఒప్పుకుంటవా, ఊరితోని ఒప్పియ్యమంటవా?"

"ఏం ఒప్పుకోవాలె తాతా? పొద్దుగాల నీకు రొట్టె వెట్టిన గద..."

"రొట్టె వెడితే తీర్పు మారుతదా?" బాలమల్లు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇసుర్రాయి మీది పలక నెత్తిన వెట్టుకొని బండ సుట్టు తిరగాలె. నేను సాలన్నదాక."

జనంలో ఈలలు లేచాయి. "సూపర్ తాతా!" అని హాస్టల్ పిల్లలు అరిచారు. మగ్గం గుడిసె మనిషి, కుమ్మరి పనివాడు కలిసి రాయి తెచ్చారు. బాలమల్లు కళ్ళలోకి చూసేసరికి వాళ్ళ చేతులు వాటంతటవే పనిచేశాయి. సుజన ఏడుస్తూ రాయి ఎత్తుకుంది. మెడ ఒక పక్కకు ఒరిగిపోతుంటే బండ చుట్టూ నడిచింది.

"అబ్బ, ఎంత న్యాచురల్‌గా ఏడుస్తుందో చూడవే!" అంది ఒక ఆడపిల్ల పక్కనున్న స్నేహితురాలితో.

బాలమల్లు చాలు అనలేదు. ఆ మాట అతని నోట్లోనే ఉంది, బయటికి వదలబుద్ధి కాలేదు. జనమంతా అతని నోటి వైపు చూస్తున్నారు. ఇలా చూసి ఎంతకాలమైందో! సుజన కాలు సిమెంటు వేరు మీద జారింది. రాయి నెత్తి మీదినుంచి జారి పాదం మీద పడింది. ఆమె పెట్టిన కేక గేటు దాకా వినిపించింది. బొటనవేలు నలిగి రక్తం కారుతుంటే వెనక వరుసలో ఎవరో "బ్లడ్ కూడా పెట్టిండ్రు రా!" అన్నారు. చప్పట్లు మోగిపోయాయి.

సాంబమూర్తి ఒక్కడే కుర్చీ తోసుకుని పరుగెత్తాడు. పైకండువా చింపి ఆమె కాలికి కట్టాడు. "ఇది నాటకం కాదండీ, చూడండి, ఇది నాటకం కాదు" అని అరిచాడు. అంటించిన మీసంతో అతను ఆ మాట అంటుంటే జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

దవాఖానలో కట్టు కట్టించుకుని సుజన సాయంత్రం బట్టల సంచీ కోసం వచ్చింది. వంటగుడిసెలో ఇత్తడి చెంబు నంబరు వేసుకుని ఉన్న చోటే ఉంది. ప్రసన్నకుమార్ "నంబరు వేయించడానికి నేనే తెప్పించానమ్మా, చెప్పడం మర్చిపోయా" అన్నాడు.  సుజన కుంటుకుంటూ బాలమల్లు దగ్గరికి వచ్చింది.

"నన్నొక్క మాట పక్కకు విలిచి అడిగుంటే అయిపోవు గద తాతా."

"పంచాయితీల పక్కకు విలుసుడు ఉండదు" అన్నాడు బాలమల్లు.

"చెంబు దొరికింది గద. ఇప్పుడేమంటవ్ మరి?"

"దొరికింది, మంచిదే. తీర్పు తీర్పే."

ఆమె సంచీ భుజాన వేసుకుంది. "నీ ఊరు పాడుగాను. పోయిందే మంచిగైంది" అని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదో హాస్టల్ మెస్సులో చపాతీలు చేస్తోందని తర్వాత ఎవరో చెప్పారు.

మర్నాడు ఆఫీసు గదికి ఇద్దరు పెద్దలనూ పిలిచారు. అమల మేడమ్ ముందు టేబుల్ మీద వచ్చినవాళ్ళు రాసిన అభిప్రాయాలు కుప్పగా ఉన్నాయి. బాలమల్లు ఉతికిన ధోవతి కట్టుకుని, నూనె రాసి దువ్వుకుని వచ్చాడు.

"నిన్నటి ఐటమ్ అద్భుతం" అంది ఆమె. "ఇంత స్పందన ఈ పార్కుకు ఎప్పుడూ రాలేదు. పర్యాటకుడికి కావలసింది అనుభవం. ఆ శిక్ష అందరికీ నచ్చింది. దాన్ని రోజూ రెండు పూటలా పెడదాం."

బాలమల్లు సాంబమూర్తి వైపు ఓరగా చూసి మీసం సవరించుకున్నాడు.

"కాకపోతే రెండు మార్పులు. ఆ రాయి వద్దు, థర్మకోల్‌తో చేయిస్తాం. రెండోది, ఆడమనిషిని అలా నిలబెడితే రేపు మాకు నోటీసులు వస్తాయి. మగమనిషైతే ఇబ్బంది లేదు. కాస్త పెద్దవయసు మనిషైతే జనానికి ఇంకా పడుతుంది." ఆమె తలెత్తింది. "ఊరిపెద్దగా సాంబమూర్తిగారు చేస్తారు. దొంగగా మీరు."

 బాలమల్లు, మాట తనకు సరిగా అందలేదేమో అన్నట్టు, ముందుకు వంగాడు.

"నేను తీర్పు జెప్పేటోన్ని మేడమ్."

"తెలుసు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం. ఆ శిక్ష పద్ధతి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కదా."

"మేడమ్, ఇది మాత్రం న్యాయం కాదండీ" అన్నాడు సాంబమూర్తి. "ఆయన వయసేంటి, ఊళ్ళో ఆయన పరువేంటి? కావాలంటే దొంగ వేషం నేను వేస్తాను."

"మీ గొంతు పెద్దకే బాగుంటుంది సాంబమూర్తిగారూ. ఇది నా ఒక్కదాని నిర్ణయం కాదు, కమిటీది. మల్లుగారికి ఇష్టం లేకపోతే బలవంతం లేదు. గేటు బయట అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు."

బాలమల్లు లేచి బయటికి నడిచాడు. గేటు దాటాడు. కాలనీల మధ్య నుంచి నడుచుకుంటూ తన వీధి మలుపు దాకా పోయాడు. కొడుకు జైపాల్ ఎదురుగా బైకు మీద వస్తూ హారన్ కొట్టి ఆగకుండా పోయాడు. కరెంటు మీటరు దగ్గర ఎవరిదో గొడవ జరుగుతోంది. బాలమల్లు వెళ్ళి నిలబడి గొంతు సవరించాడు. "జర పక్కకు నిలవడు పెద్దాయనా, కరెంటాయన ఒస్తుండు" అన్నారు. నిలబడ్డాడు. కరెంటాయన వచ్చాడు, గొడవ తీరిపోయింది, అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. పార్కు గోడ అవతల దొంగ అని తిట్టడానికైనా మనుషులున్నారు. ఇక్కడ అదీ లేదు.

మర్నాడు పొద్దున అందరికంటే ముందే గేటు దగ్గర ఉన్నాడు.

థర్మకోల్ రాయి అచ్చం రాయిలాగే ఉంది, ఎత్తితే మాత్రం దూది. సాంబమూర్తి అతన్ని పక్కకు తీసుకుపోయి "బరువు మీరే చూపించాలండీ. మోకాళ్ళు కాస్త వంచి, మెడ ఇలా..." అని చెప్పబోయాడు.

"నాకు నేర్పకు" అన్నాడు బాలమల్లు. "రాయి మోసేటోడు ఎట్లుంటడో నేను సూసినంత నువ్వు సూసినవా?"

ఆట మొదలైంది. బండ మీద సాంబమూర్తి, కింద బాలమల్లు. చెప్పులు విడవమని సాంబమూర్తి అనడం మరిచిపోతే బాలమల్లే విడిచి పక్కన పెట్టాడు. రుమాలు విప్పి నడుముకు చుట్టుకున్నాడు. దొంగ తలపాగాతో నిలబడకూడదు. జనం "దొంగ ముసలోడా!" అని అరిచారు. ఒకడు తాగేసిన కాగితం కప్పు విసిరితే అది వీపుకు తగిలింది. అతను కదలలేదు.

సాంబమూర్తి బండ మీద నుంచి కిందికి చూశాడు.  వట్టి కాళ్ళతో నిలబడ్డ ముసలివాడిని చూస్తూ, రాసిచ్చిన మాట పక్కన పెట్టి, "పెద్దవాడివి. పో బిడ్డా, ఈసారికి వదిలేస్తున్నా. అందరికీ సోడా తాపియ్యి, చాలు" అన్నాడు.

బాలమల్లు దిగ్గున తలెత్తాడు. ముఖం కందగడ్డలా అయింది.

"ఏందీ, ఇడిసిపెడతవా?" అని గర్జించాడు. "ఏం పెద్దవయ్యా నువ్వు? దొంగను ఇడిసిపెట్టినోడు పెద్దెట్లయితడు? ఊరు నీ మొకాన ఉమ్మదా? చెప్పు, రాయి ఎత్తుమని చెప్పు!"

 జనం పగలబడి నవ్వారు. కుర్చీలు ఎక్కి ఈలలు వేశారు. సాంబమూర్తి ముఖం తిప్పుకుని, వినపడీ వినపడనట్టు, "ఎత్తు" అన్నాడు. బాలమల్లు రాయి నెత్తిన పెట్టుకుని బండ చుట్టూ తిరిగాడు. మోకాళ్ళు వణికాయి, మెడ ఒక పక్కకు ఒరిగింది. బరువు లేని రాయిని అలా మోయడం ఇంకెవడి వల్లా కాదు. ఆ విద్య అతనికే ఉంది.

ఆట ముగిశాక ప్రసన్నకుమార్ పరుగున వచ్చి భుజం తట్టాడు.

"తాతగారూ, కేక! ఆ డైలాగు రోజూ ఉంచండి. 'ఏం పెద్దవయ్యా నువ్వు', అది. సాంబమూర్తిగారూ, మీరు కూడా రోజూ ముందు వదిలేస్తానని అనండి. ఫిక్స్ చేసేద్దాం."

 బాలమల్లు రుమాలు విప్పి మళ్ళీ తలకు చుట్టుకున్నాడు. మధ్యాహ్నం ఆటకు ఇంకా చాలా టైముంది. జేబులో కళ్ళజోడు తడుముకుంటూ, చెప్పులు విడవమనే మాట పెద్ద ముందుగానే అనాలని, దొంగ తనంతట తను విడిస్తే పద్ధతి చెడుతుందని సాంబమూర్తికి గట్టిగా చెప్పడం మొదలుపెట్టాడు.